తూకం వేసి చెబుతాను

ఇంటి ఖర్చుల మీద పాఠకుల ప్రశ్నలు, ఈ నెల జవాబులు

చిత్తూరులో ఒక సహకార దుకాణంలో ముప్ఫై ఒక్క ఏళ్లు పద్దులు రాశాను. రిటైరయ్యాక తిరుపతి వచ్చి బైరాగిపట్టెడలో స్థిరపడ్డాం. ఆ ఉద్యోగం నుంచి నాతో ఇంటికి వచ్చినవి రెండే. రోజూ పడుకునే ముందు ఖర్చు రాసుకునే అలవాటు ఒకటి, కొక్కెం ఉన్న స్ప్రింగు కాటా ఒకటి. మా ఆయనకు ఆ కాటా అంటే పడదు. "ఏదో ఒకరోజు నన్నూ తగిలిస్తావు" అంటారు.

ఈ నెల ఉత్తరాల కట్ట లావుగానే ఉంది. అందులో నాలుగింటిని పక్కన పెట్టాను. పాలు మానేస్తే ఎంత మిగులుతుంది, పండ్లు మానేస్తే ఎంత మిగులుతుంది అని అడిగిన ఉత్తరాలు అవి. నాలుగు ఇళ్లలోనూ మానబోయేది ఎవరో ఉత్తరంలోనే తెలిసిపోతోంది. రాసిన ఆవిడే. అమ్మా, మీ గ్లాసులో పాలు మీరు తాగండి. డబ్బు వేరే చోట వెతుకుదాం.

*

ప్రశ్న: అత్తయ్యగారూ, మేము ఐదుగురం. గ్యాస్ సిలిండర్ మాకు ఇరవై ఎనిమిది రోజులే వస్తోంది. ఎదురింటి వాళ్లూ ఐదుగురే, వాళ్లకు నలభై ఐదు రోజులు వస్తుంది. పొయ్యి పాతబడిందేమో, కొత్తది కొనమంటారా? రోజూ రాత్రికి రాగి సంగటి చేస్తాను. పిల్లలిద్దరికీ పొద్దున స్నానానికి నీళ్లు కాస్తాను.
— ఒక గృహిణి, కొర్లగుంట

జవాబు: పొయ్యి జోలికి పోకండి, ముందు లెక్క చూద్దాం. ఇంటి సిలిండర్‌లో ఉండాల్సిన గ్యాస్ 14.2 కిలోలు. దాన్ని ఇరవై ఎనిమిది రోజులకు పంచితే రోజుకు 500 గ్రాములు దాటుతోంది. ఎదురింట్లో సుమారు 315 గ్రాములు. తేడా రోజుకు 190 గ్రాములు. అవి ఎటు పోతున్నాయో పట్టుకుంటే చాలు.

మీ ఉత్తరంలో ఆఖరి వాక్యం దగ్గరే దొంగ దొరికాడు. ఇరవై లీటర్ల బకెట్ నీళ్లు ఇరవై డిగ్రీలు వేడెక్కాలంటే మామూలు పొయ్యి మీద 60 గ్రాముల గ్యాస్ దాకా కాలుతుంది. మంటలో కొంత గిన్నె పక్కల నుంచి గాలికి పోతుంది కదా, అదీ కలిపి వేసిన లెక్క ఇది. ఇద్దరు పిల్లలకు రెండు బకెట్లు, 120 గ్రాములు. నెలంతా కాస్తే మూడున్నర కిలోలు, అంటే సిలిండర్‌లో పావు భాగం స్నానాల గదిలోకి పోతోంది. అలాగని హీటరు కడ్డీ కొంటే లాభపడతారని అనుకోకండి. అదే బకెట్‌కు కరెంటు అర యూనిట్ పడుతుంది, డబ్బులో పెద్ద తేడా రాదు. తేడా వచ్చేది ఎండతోనే. మన ఊళ్లో దానికి కరువు లేదు. మిద్దె మీద నల్లటి డ్రమ్ము ఒకటి పెట్టి, పిల్లల స్నానాన్ని బడి నుంచి వచ్చాక సాయంత్రానికి మార్చి చూడండి. డిసెంబరు, జనవరి నెలల్లో తప్ప మీకు పొయ్యి అవసరం రాదు.

సంగటి గురించి మీతో గొడవ పెట్టుకోను, మా ఇంట్లోనూ అదే. బియ్యం అరగంట ముందు నానబెట్టండి. మూత పెట్టి ఉడికించండి. అన్నం మెత్తబడ్డాక పిండి మధ్యలో పోసి, మంట బాగా తగ్గించి, మళ్లీ మూత పెట్టండి. ఏడెనిమిది నిమిషాలకు పొయ్యి ఆర్పేసి, ఇంకో ఐదు నిమిషాలు దాన్ని కదపకండి. పిండి ఆ ఆవిరికే మగ్గుతుంది. ఆ తర్వాత తెడ్డు పట్టుకోండి. చాలామంది మంట మీదే ఉంచి గెలుకుతారు. చేతికి నొప్పి, గ్యాస్‌కు ఖర్చు.

మంట నీలంగా ఉందో లేదో కూడా చూడండి. పసుపు రంగులో లేస్తూ గిన్నెల అడుగు నల్లబడుతుంటే బర్నరు రంధ్రాలు పూడుకుపోయాయన్నమాట. పిన్నీసుతో పొడిచి, సబ్బునీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి పెట్టండి.

ఇక నా అనుభవం. సిలిండర్ మెడ దగ్గర ఖాళీ బరువు అచ్చు వేసి ఉంటుంది. ఒకసారి మా ఇంటికి వచ్చినదాని మీద 15.3 అని ఉంది. 14.2 కలిపితే 29.5 కిలోలు తూగాలి. తెచ్చిన అబ్బాయిని కాటా తీయమంటే బండిలో మరచిపోయానన్నాడు. నా కాటాకు తగిలించాం. 28.4 తూగింది. కిలో పైన తక్కువ! ఆ అబ్బాయిని తిట్టి లాభం లేదు, ఎక్కడ తగ్గిందో అతనికీ తెలియదు. మారు మాట్లాడకుండా వేరేది తెచ్చాడు. ఇంటి దగ్గర తూచి చూపించమని అడిగే హక్కు మీకుంది, మొహమాటపడకండి. ఆ మెడ పట్టీల మీదే ఇంగ్లిషు అక్షరం, పక్కన సంవత్సరం ఉంటాయి, అదీ చూడండి. ఎ అంటే మార్చి లోపు, బి అంటే జూన్, సి అంటే సెప్టెంబరు, డి అంటే డిసెంబరు. ఆ గడువులోగా సిలిండర్‌ను మళ్లీ పరీక్షకు పంపాలి. గడువు దాటినది ఇస్తే తీసుకోకండి.

మీకు తెల్ల రేషన్ కార్డు ఉంటే దీపం-2 పథకం సంగతి కనుక్కునే ఉంటారు. 2024 దీపావళి నుంచి అర్హులకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. ముందు డబ్బు కట్టినవాళ్లు అది తిరిగి ఖాతాలో పడిందో లేదో పాస్‌బుక్ చూసుకోండి. పడే ఉంటుందిలే అనుకుని ఊరుకున్నవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు.

*

ప్రశ్న: అమ్మా, పోయిన సంచికలో మీరు "లీటరు నూనె ప్యాకెట్ అంటే కిలో నూనె" అని రాశారు. ముప్ఫై ఏళ్లుగా గానుగ ఆడిస్తున్నాను. అది తప్పు. మీలాంటివారు అలా రాస్తే మా దగ్గర నూనె ఖరీదు అనుకుని జనం వెళ్లిపోతారు.
— గానుగ యజమాని, చిత్తూరు

జవాబు: తప్పే. తూకం తూకం అని అందరికీ చెప్పే నేను నూనెను తూచకుండా రాశాను. ఉత్తరం రాగానే లీటరు కొలత పాత్ర నిండా చెనక్కాయల నూనె పోసి చూశాను. 910 గ్రాములు. నూనె నీళ్ల మీద తేలుతుందని మూడో తరగతి పిల్లలకు కూడా తెలుసు. నీళ్లకన్నా తేలిక అయితేనే కదా తేలేది!

ఈ తేడా వల్ల ఎంత మోసపోతామో పాఠకులు కూడా చూడండి. దుకాణంలో లీటరు ప్యాకెట్ 160 రూపాయలు, గానుగలో కిలో 170 అనుకుందాం. చూడగానే ప్యాకెట్ చవకగా కనిపిస్తుంది. కానీ ఆ ప్యాకెట్‌లో ఉన్నది 910 గ్రాములే. కిలోకు లెక్కకడితే 175 దాటుతుంది. కాబట్టి గానుగ నూనే చవక. మీ ఊళ్లో ధరలు వేరుగా ఉండవచ్చు, లెక్క మాత్రం ఇదే. లీటరు ధరను 0.91తో భాగిస్తే కిలో ధర వస్తుంది.

ఇంకో మాయ ఉంది. కొన్ని ప్యాకెట్లు చూడటానికి లీటరులా ఉంటాయి, లోపల 850 గ్రాములో, 800 గ్రాములో ఉంటుంది. ధర పది రూపాయలు తక్కువ కనిపించగానే బుట్టలో వేసుకుంటాం. ఇప్పుడు ప్యాకెట్ల మీద గరిష్ఠ ధర పక్కనే గ్రాముకు ఇంత, మిల్లీలీటరుకు ఇంత అని చిన్న అక్షరాల్లో వేస్తున్నారు. సబ్బులకు, టీ పొడికి, బిస్కెట్లకు అన్నిటికీ ఆ అంకెనే పోల్చుకోండి. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అనేది కూడా నిజం కాదు. టీ పొడి విషయంలో చిన్న ప్యాకెట్లే చవకగా రావడం నేను చాలాసార్లు చూశాను. కళ్లజోడు మరచిపోయి దుకాణానికి వెళ్లకండి.

గానుగ అన్నా, నూనె తీయగా మిగిలే చెక్క కూడా అడిగి తీసుకోమని మీ ఖాతాదారులకు చెప్పండి. ఆవు ఉన్న ఇల్లయితే దాని విలువ వాళ్లకు తెలుస్తుంది.

*

ప్రశ్న: మేడం, రేణిగుంటలో ప్రైవేటు ఉద్యోగం. జీతం 32 వేలు. ఇంట్లో నలుగురం. సరుకులు, పాలు, కూరగాయలు అన్నిటికీ కలిపి నా భార్య నెలకు 9 వేలు అడుగుతోంది. మా అమ్మ కాలంలో ఇంత అయ్యేది కాదు. ఆమెకు పొదుపు నేర్పడం ఎలా? నేను మాత్రం దుబారా చేయను. బయట రోజుకు నాలుగు టీలు తాగుతాను, అంతే.
— ఒక పాఠకుడు, రేణిగుంట

జవాబు: నాయనా, 9 వేలను ముప్ఫై రోజులకు పంచండి, 300. దాన్ని నలుగురికి పంచండి, 75. ఒక మనిషికి పొద్దున టిఫిను, మధ్యాహ్నం అన్నం, రాత్రి భోజనం, పాలు, కూర అన్నీ కలిపి 75 రూపాయల్లో ఆవిడ నడుపుతోంది. ఇక మీ టీలు. మా వీధి చివర టీ పదిహేను రూపాయలు. నాలుగు టీలకు అరవై. మీ ఇంట్లో ఒక మనిషి రోజంతా తినే తిండికి అయ్యే ఖర్చులో ఐదింట నాలుగు వంతులు మీరు నిలబడి నాలుగు గ్లాసుల్లో తాగేస్తున్నారు. నెలకు ఇరవై ఆరు పని దినాలు వేసుకుంటే 1,560.

టీ మానమని నేను అనడం లేదు. మనిషికి ఏదో ఒక సుఖం ఉండాలి. కానీ పొదుపు ఎవరు ఎవరికి నేర్పాలో ఆలోచించండి. మీ అమ్మగారి కాలంలో ఇంత అయ్యేది కాదన్నారు, నిజమే. మీ నాన్నగారి జీతం కూడా 32 వేలు ఉండేది కాదు.

ఒక పని చేయండి. వచ్చే నెల సరుకులన్నీ మీరే తెండి. పట్టీ మీరే రాయండి, కూరగాయలకు మీరే వెళ్లండి, ఉదయం పాలవాడికి తలుపు మీరే తీయండి. ఆవిడ వంట మాత్రం చేస్తుంది. నెలాఖరుకు 9 వేలలో వంద రూపాయలు మిగిలినా నాకు రాయండి, వచ్చే సంచికలో మీ పద్ధతిని అచ్చు వేయిస్తాను.

నిజంగా తగ్గించాలంటే కూరగాయల్లో చోటుంది. తోపుడు బండి దగ్గర రోజుకో పావు కిలో కొనేకన్నా వారానికి రెండుసార్లు రైతు బజారుకు వెళ్లండి. ధరల పట్టిక బోర్డు మీద రాసి ఉంటుంది, బేరం ఆడే పని లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి తిరుపతి దాకా వెళ్లి రావడానికి ఆవిడకు ఖర్చు కాదు. కాదు కదా అని రోజూ పంపించకండి. ఆవిడ మధ్యాహ్నానికి కూడా ఒక ధర ఉంది. మీ 75 రూపాయల లెక్కలో అది లేదు.

*

ప్రశ్న: అత్తయ్యగారూ, వేసవి వస్తోంది. కరెంటు బిల్లు 225 యూనిట్లు దాటితే మొత్తం యూనిట్లన్నిటికీ 8.75 పడుతుందని మా వారు అంటారు. అందుకని పోయిన వేసవిలో ప్రతినెలా ఇరవయ్యో తేదీ వచ్చేసరికి ఏసీ ఆపేశాం. అత్తగారికి 74 ఏళ్లు, చాలా ఇబ్బంది పడ్డారు. ఈసారి ఎలా?
— కొంగారెడ్డిపల్లి, చిత్తూరు

జవాబు: మీ వారి భయానికి కారణం ఉంది, కానీ ఆ కారణం పాతది. వెనకటికి వాడకాన్ని బట్టి ఇళ్లను మూడు గ్రూపులు చేసి, గ్రూపును బట్టి ధర వేసేవారు. 2022లో ఆ గ్రూపులు తీసేశారు. అప్పుడు వచ్చిన పట్టిక ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1.90, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6 రూపాయలు, 400 వరకు 8.75, ఆపైన 9.75. ఎవరింట్లోనైనా మొదటి 30 యూనిట్లు 1.90కే. మెట్లెక్కినట్టు, ఏ మెట్టు ధర ఆ మెట్టుకే.

225 యూనిట్లకు వాడకం చార్జీ 1,017 రూపాయలు. 230 కాలిస్తే 1,060.75. అంటే ఐదు యూనిట్లు దాటినందుకు పడింది 43 రూపాయల 75 పైసలు. మీ వారు ఊహించుకున్నట్టు మొత్తానికి 8.75 వేస్తే రెండు వేలు దాటేది. సర్దుబాటు చార్జీలు, సుంకం వేరే ఉంటాయి, వాటి కోసం బిల్లు వెనక్కి తిప్పి చూడండి. ఆ పాత లెక్కకు భయపడి మీ అత్తగారిని నెలకు పది రోజులు ఉడికించారు. ఈ ముక్క మీ వారికి చదివి వినిపించండి.

తగ్గించాల్సింది వేరే చోట. ఏసీని 18లో పెట్టి దుప్పటి కప్పుకునే ఇళ్లు నాకు తెలుసు. ఒక డిగ్రీ పెంచితే ఏసీ కరెంటు సుమారు ఆరు శాతం తగ్గుతుందని ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతుంది. 2020 నుంచి వచ్చే ఏసీలు వేయగానే 24 దగ్గర మొదలయ్యేది అందుకే. దాన్ని 26కు పెంచి, ఫ్యాను కూడా నెమ్మదిగా తిరగనివ్వండి. పెద్దవాళ్ల కీళ్లకూ అదే మంచిది.

ఫ్యాన్ల గురించి కూడా చెప్పాలి. పాత సీలింగు ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది. రోజుకు పదిహేను గంటలు తిరిగితే నెలకు 34 యూనిట్లు. ఇప్పుడు రిమోటుతో వచ్చే బీఎల్‌డీసీ ఫ్యాన్లు 30 వాట్ల దగ్గర తిరుగుతాయి, అవి 14 యూనిట్లలోపే. మీరు పై మెట్టులో ఉన్నారు కాబట్టి మిగిలే ఇరవై యూనిట్లు 8.75 ధరవే. అంటే ఫ్యానుకు నెలకు 175 రూపాయలు. ఇంట్లో అన్నీ ఒకేసారి మార్చకండి. ఎక్కువ తిరిగేది ఏదో, బహుశా అత్తగారి గదిలోదే, ముందు దాన్ని మార్చండి.

*

ప్రశ్న: ఆంటీ, యూనివర్సిటీ దగ్గర గది తీసుకుని నలుగురం ఉంటున్నాం. ఫోనులో తెప్పించుకునే భోజనాలకే ఒక్కొక్కరికి నెలకు 5 వేలు పైన అవుతోంది. వంట రాదు.
— నలుగురు విద్యార్థులు, తిరుపతి

జవాబు: నలుగురికీ కలిపి 20 వేలు! రేణిగుంట పాఠకుడు చూస్తే మీ మీద పడతాడు. కరెంటు కుక్కర్ ఒకటి కొనండి. బియ్యం కడిగి నీళ్లు పోయడం వంట కాదు, అది రానివాళ్లు లేరు. అన్నం గదిలో వండుకుని కూర, పప్పు, చారు కర్రీ పాయింట్‌లో కొనుక్కోండి. ఖర్చు సగానికి దిగుతుంది. ఊరిబిండి పచ్చడి ఎలా చేయాలో మీ అమ్మకు ఫోను చేసి అడగండి. వేయించిన చెనక్కాయలు, ఎండుమిర్చి, చింతపండు, ఉప్పు, వెల్లుల్లి. రోలు లేకపోతే మిక్సీ. అమ్మ కూడా సంతోషిస్తుంది.

*

ప్రశ్న: అక్కా, నేను టీచరుని. మాకు ఏ ఖర్చూ అదుపు తప్పదు, ఒక్కటి తప్ప. తిరుపతిలో ఇల్లు కాబట్టి కొండకు వచ్చే చుట్టాలందరికీ మా ఇల్లే విడిది. నెలకు రెండు మూడు కుటుంబాలు. దేవుడి కోసం వచ్చినవాళ్లను ఏమీ అనలేను. పదో తేదీకే సరుకులు ఖాళీ.
— భవానీ నగర్, తిరుపతి

జవాబు: మీ ఉత్తరం చదివి మా ఆయనకు వినిపిస్తే ఆయన లేచి కూర్చున్నారు. తిరుపతిలో ఇల్లున్నవాడికి చుట్టాల కొరత లేదు. మా అమ్మమ్మ తోడికోడలి మనవడి పెళ్లిలో పరిచయమైనవాళ్లు కూడా మా ఇంట్లో తలనీలాల తర్వాత స్నానం చేసి వెళ్లారు.

పోయిన ఏడాది పద్దు తీసి చూశాను. అతిథులు తిన్న భోజనాలు 214. కోపంతో లెక్కపెట్టలేదు, మిగతావన్నీ రాసినట్టే ఇదీ రాశాను. రాశాక అర్థమైంది ఏమిటంటే, ఖర్చు అయ్యేది భోజనాలకు కాదు, గందరగోళానికి. ఏడింటికి కొండ దిగుతామన్నవాళ్లు రాత్రి పదకొండున్నరకు దిగుతారు. చేసిన వంట పాడవుతుంది, మళ్లీ చేస్తాం. లేదా వాళ్లు దారిలో తిని వస్తారు, చేసినదంతా మర్నాడు పారబోస్తాం. ఆ పారబోతే అసలు ఖర్చు.

కాబట్టి చుట్టాల కోసం నేను ముందుగా వంట చేయను. ఇడ్లీ పిండి గిన్నెడు, పులిహోర పులుసు సీసాడు ఎప్పుడూ ఉంటాయి. పులుసు ఫ్రిజ్‌లో పెట్టకపోయినా పది రోజులు నిలుస్తుంది. వాళ్లు గడపలో చెప్పులు విడిచాక బియ్యం కడుగుతాను. అరగంటలో పులిహోర, పెరుగన్నం. కొండ మీద గంటల తరబడి నిలబడి వచ్చినవాళ్లకు అంతకు మించి ఏదీ సహించదు కూడా.

ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు పొట్లాలు కట్టి పంపడం మానేశాను. తిరుమలలో తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో అందరికీ ఉచితంగా భోజనం పెడతారు. దాన్ని మించిన ప్రసాదం నా పొట్లంలో ఏముంది? కాలినడకన వెళ్లేవాళ్లకు అలిపిరి దగ్గర సామాను దింపుకుంటే కొండ మీదకు దేవస్థానమే చేరుస్తుంది, డబ్బు అక్కర్లేదు. కొండ మీద తిరగడానికి ధర్మరథం బస్సులు ఉచితం. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, ఫోటో తీసి ఉంచాను. ఎవరైనా వస్తున్నామని ఫోను చేయగానే పంపిస్తాను. ఆటోవాళ్లకు, హోటళ్లకు వాళ్లు పెట్టే ఖర్చు తగ్గుతుంది, నా తల నొప్పీ తగ్గుతుంది.

బస గురించి కూడా మొహమాటం వదిలేశాను. నలుగురి దాకా మా ఇల్లు. అంతకు మించితే రైల్వే స్టేషన్ ఎదుట విష్ణు నివాసం, బస్టాండు దగ్గర శ్రీనివాసం ఉన్నాయని చెబుతాను. మొదటిసారి చెప్పినప్పుడు మా ఆడపడుచు మూడు నెలలు మాట్లాడలేదు. తర్వాత వచ్చినప్పుడు తనే శ్రీనివాసంలో గది తీసుకుని, సాయంత్రం పూట కాఫీకి వచ్చింది. హాయిగా కూర్చుని కబుర్లు చెప్పుకున్నాం. పన్నెండు మందికి వండుతూ ఉంటే ఏనాడైనా కూర్చున్నామా!

"మీరు లోకల్ కదా, దర్శనం చేయించండి" అనేవాళ్లకు నా జవాబు ఇది. స్థానికులకు నెలలో మొదటి మంగళవారం దర్శనం ఇచ్చే ఏర్పాటు 2024 డిసెంబరులో మళ్లీ మొదలైన మాట నిజమే. కానీ దానికి తిరుపతి చిరునామా ఉన్న ఆధార్ కావాలి. నా ఆధార్ మీద మీరు వెళ్లలేరు కదా.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆఖరున చెబుతున్నాను. బయలుదేరే ముందు ఫోను చేసి "ఏమైనా తీసుకురమ్మంటారా?" అని అడుగుతారు. మనం అలవాటుగా "అయ్యో, ఏమీ వద్దు, మీరు వస్తే చాలు" అంటాం. ఆ మాట ఇకమీద అనకండి. గుంటూరు వాళ్లయితే "రెండు కిలోల ఎండుమిర్చి" అనండి. గోదావరి వాళ్లయితే ఆవకాయ. మదనపల్లె వాళ్లయితే టమాటాలు. 2023 జులైలో కిలో టమాటా రెండు వందలు పలికినప్పుడు మదనపల్లె నుంచి వచ్చిన మా తమ్ముడి వియ్యంకుడు నాలుగు కిలోలు సంచిలో తెచ్చాడు. ఆ నెల వీధిలో మాకున్న గౌరవం అంతా ఇంతా కాదు. అడిగితే వాళ్లేమీ అనుకోరు. వట్టి చేతులతో వచ్చామన్న బిడియం లేకుండా ఇంకో పూట నిశ్చింతగా ఉంటారు. ఆ ఇంకో పూట సంగతి మీరు చూసుకోవాలి.

*

ప్రశ్న: చింతపండు కాలం కదమ్మా. ఏడాదికి సరిపడా ఇప్పుడే కొంటాను. గింజతో ఉన్నది కిలో 90, గింజ తీసినది 140 చెబుతున్నారు. ఏది కొనాలి? పోయినసారి కొన్నది ఆరు నెలలకే నల్లబడి పురుగు పట్టింది.
— పలమనేరు

జవాబు: గింజ ఉన్నదాన్ని కిలో కొని కొట్టి చూశాను. గింజలు, ఈనెలు, పీచు పోగా మిగిలింది 600 గ్రాములు. అంటే 90 పెట్టి కొన్నది కిలోకు 150 పడింది. పైగా రెండు మధ్యాహ్నాలు గింజ కొట్టాను, వేళ్లు పులుపుకు పగిలాయి. మీరు చెప్పిన ధరలకు గింజ తీసినదే చవక. గింజ ఉన్నది 80కి దిగితే అప్పుడు ఆలోచించవచ్చు, అదీ ఇంట్లో కొట్టేవాళ్లు ఉంటే.

మీ చింతపండు నల్లబడటం సహజం, పాతబడితే ఆ రంగు వస్తుంది, రుచికి లోటు లేదు. పురుగు మాత్రం తేమ వల్ల పట్టింది. రెండు రోజులు మంచి ఎండలో పెట్టండి. జాడీ అడుగున రాళ్ల ఉప్పు ఒక పొర, దాని మీద చింతపండు గట్టిగా అదిమి ఒక పొర, మళ్లీ ఉప్పు. జాడీ పింగాణీదో మట్టిదో కావాలి. అల్యూమినియం డబ్బాలో పెడితే పులుపు లోహాన్ని తినేస్తుంది. తీసేటప్పుడు తడి చెయ్యి పెట్టకండి. ఇంట్లో ఎవరి చెయ్యి తడిగా ఉంటుందో మీకు తెలుసు, వాళ్లకు ఆ జాడీ అందనంత ఎత్తులో పెట్టండి.

కందిపప్పు కూడా ఇప్పుడే తీసుకుంటుంటే ఎండబెట్టి, ఆరిన తర్వాత కొంచెం ఆముదం పట్టించి పెట్టుకోండి. వండే ముందు కడిగితే పోతుంది.

*

ప్రశ్న: నాకు 78 ఏళ్లు. పింఛనుతో ఇద్దరం బతుకుతున్నాం. ఖర్చు తగ్గించుకోవడానికి దినపత్రిక ఆపేయమని మా అబ్బాయి అంటున్నాడు, అన్నీ ఫోనులో వస్తాయట. మీరేమంటారు?
— చంద్రగిరి

జవాబు: ఆపకండి. మీ అబ్బాయి ఫోనుకు నెలనెలా ఎంత కడుతున్నాడో అడగండి, ఆ తర్వాత పత్రిక సంగతి మాట్లాడదాం. పత్రిక చదివాక అల్మారాలో పరుచుకోవచ్చు, పచ్చళ్ల జాడీలు తుడుచుకోవచ్చు, చివరికి అమ్ముకోవచ్చు.

అమ్మేటప్పుడు మాత్రం ముందే ఇంట్లో తూచి కట్టలు కట్టి పెట్టండి. పోయిన ఆదివారం మా ఇంట్లో కట్ట ఎనిమిది కిలోలు ఉంది. వచ్చినతను తన కాటాకు తగిలిస్తే ఆరున్నర చూపించింది. నేను నా కాటా తెచ్చాను. అతను నా కాటా తప్పన్నాడు. మా ఆయన లోపలికి వెళ్లి రెండు కిలోల ఉప్పు ప్యాకెట్లు తెచ్చి రెండు కాటాలకూ తగిలించారు. నాది రెండు కిలోలు చూపించింది, అతనిది 1.6. ఎనిమిది కిలోలకు డబ్బు ఇచ్చి వెళ్లాడు. ఆ రోజు నుంచి మా ఆయన నా కాటాను ఏమీ అనడం లేదు.